రోములో మా శుక్రవారం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఈ భూమ్మీద ఒకటి ఉంటుందని నేననుకోలేదు. ఇరవై ఏడేళ్ళ వయసు, పర్సులో సౌదీ నివాసానికిచ్చే ఇకామా కార్డు, అక్కడే అల్ ఖర్జ్‌లో ఒక మోస్తరు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం. ఎవరికి నరం దొరక్కపోయినా "ఆ పిల్లని పిలవండి, ఒక్క పోటుతో ఎక్కించేస్తుంది" అని వార్డు వార్డంతా నన్ను పిలిచేంత పేరు. మనిషి తల ఎగరెయ్యడానికి ఇంకేం కావాలి? హాస్టల్లో గీజరు పాడైతే నేనే, ఫోనుకి అరబ్బీలో మెసేజి వస్తే అర్థం చెప్పేది నేనే (సగం ఊహించి చెప్పేదాన్ని, చాలాసార్లు సరిపోయేది కూడా), ఎవరికెవరికి మాట పట్టింపు వచ్చినా తీర్పు చెప్పేది నేనే. అలాంటి నేను ఒక ఏడాది ఇటలీలోని రోము నగరానికి యాత్ర ఏర్పాటు చేశాను. ఏం చూడాలి, ఎలా వెళ్ళాలి, ఎక్కడ తినాలి, ఎక్కడ బాత్రూముకి వెళ్ళాలి, అన్నీ నేనే నిర్ణయించాను. ఇప్పటికీ గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను, అంత పకడ్బందీ ఏర్పాటు మా హాస్టల్లో అంతకుముందు ఎవరూ చెయ్యలేదు, తర్వాతా ఎవరూ చెయ్యలేదు.

అసలు రోము నా ముచ్చట కాదు, మా పెద్దక్కది. పెద్దక్క అంటే నా సొంత అక్క కాదు. నరసాపురం వైపు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు పెద్దది, హాస్టల్లో తెలుగు నర్సులందరికీ పెద్ద దిక్కు. సౌదీలో వారానికి సెలవంటే శుక్రవారం. ఆదివారం అంటే వారం మొదలు, కళ్ళు నులుముకుంటూ డ్యూటీకి పరిగెత్తే రోజు. అంచేత మా ప్రార్థన కూడిక, మా తెల్లచీరలు, కూడిక అయ్యాక మా కోడికూర, అన్నీ ఏళ్ళ తరబడి శుక్రవారానికే అలవాటు పడిపోయాయి. అక్కడ మన గుడులుండవు గనక, ఎవరో ఒకరి ఫ్లాటులో చేరి, తలుపులేసుకుని, ఇరుగుపొరుగుకి వినపడకుండా గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. పాటంటే మా పెద్దక్కే. అంత మెల్లగా పాడినా, వంటింట్లో కూర కలిపేవాళ్ళ చెయ్యి దానంతటదే ఆగిపోయేది.

అలాంటి మనిషికి ఆ ముందటేడు థైరాయిడ్ ఆపరేషనైంది. తర్వాత కొన్ని నెలలపాటు మాట గుసగుసగా తప్ప వచ్చేది కాదు. డాక్టర్లు "వస్తుంది, వస్తుంది" అన్నారు గానీ, మేమూ నర్సులమే కదండీ, "వస్తుంది" అనే మాటని డాక్టరు ఎటు చూస్తూ అంటే ఎంతవరకు నమ్మాలో మాకు బాగా తెలుసు. అప్పుడు పెద్దక్క మొక్కుకుంది. గొంతు తిరిగొస్తే, చిన్నప్పుడు సండే స్కూల్లో కథలుకథలుగా విన్న ఆ రోము నగరంలో, ఆరాధన జరిగే గుడిలో, పదిమంది మధ్య నిలబడి, గొంతెత్తి ఒక్క పాట పాడతానని. దేవుడి దయవల్ల గొంతు వచ్చింది. ఆ ఏడాదే ఆవిడ ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతోంది. ఒకసారి ఊరు చేరాక ఇక ఆవిడకి రోమెక్కడ, వీసా ఎక్కడ? చేస్తే ఇప్పుడే, లేకపోతే ఇంక లేదు. ఒక సాయంత్రం నా గదికొచ్చి మంచం చివర కూచుని, "ఏమే పిల్లా, నువ్వయితే చెయ్యగలవు" అంది. అంతే. ఆ మాట చాలు నాకు. ఆ క్షణంలో చందమామ మీదికి తీసుకెళ్ళమన్నా సరేననేదాన్ని.

మూడో మనిషి మా డౌటమ్మ. మచిలీపట్నం పిల్ల, నాకంటే చిన్నది, నా గదిలోనే ఉండేది. దానికి ప్రతిదీ అనుమానమే. ఇంజెక్షన్ చెయ్యబోయే ముందు పేషెంటు పేరు మూడుసార్లు అడిగేది. నాలుగోసారి ఆ పేషెంటే అనుమానంగా తన చేతిపట్టీ చూసుకునేవాడు. రోము అనగానే మొదలెట్టింది. "అక్కా, అక్కడ కుళాయి నీళ్ళు తాగొచ్చా?" "అక్కా, ఆ వంగిపోయిన బురుజు మనమున్నప్పుడు పడిపోతే?" "అది రోములో లేదే తల్లీ, వేరే ఊళ్ళో ఉంది." "అయితే ఆ ఊరు దగ్గరా?" ఇలాంటి పిల్లని వెంటేసుకెళ్ళడానికి ఎవరూ సాహసించరు గానీ, నేను మాత్రం ఎంచి మరీ తీసుకున్నాను. ఏ ఏర్పాటులోనైనా లొసుగుంటే అది పట్టేస్తుంది, అది పట్టలేదంటే లొసుగే లేదన్నమాట. ఇదీ నా లెక్క.

యాత్రని నేను డ్యూటీ రోస్టర్ వేసినట్టు వేశాను. రోము నగరాన్ని వార్డులుగా విడగొట్టాను. పాత కొలోసియం, దాని చుట్టుపక్కల శిథిలాలూ ఎమర్జెన్సీ; ముందు అక్కడికే వెళ్ళాలి, ఆలస్యం చేస్తే జనం పెరిగిపోతారు. వాటికన్ ఐ.సి.యు.; అక్కడ గట్టిగా మాట్లాడకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. నాణేలు విసిరే ఫౌంటెన్ ఓ.పి.; ఎప్పుడెళ్ళినా జనమే, చూసి వచ్చెయ్యడమే. ఒక్కో చోటికి ఇంతసేపు, మధ్యలో ఇన్ని నీళ్ళు, ఆ నీళ్ళకి తగినట్టు ఎక్కడెక్కడ బాత్రూములు, అన్నీ రాశాను. (నర్సు వేసే ఏర్పాటులో లోపలికి పోయేదానికీ బయటికి వచ్చేదానికీ లెక్క కుదరాలి మరి.) డౌటమ్మ రోస్టర్‌ని కిందా మీదా చూసి, "అక్కా, నమాజు వేళకి షాపులు మూసేస్తారు కదా, అప్పుడు మనం బయట ఇరుక్కుపోతే?" అంది. నేను చిరునవ్వు నవ్వాను. "సరిగ్గా చూడు. ఆ వేళలన్నీ ఖాళీగా వదిలాను" అన్నాను. నిజంగానే వదిలాను! అది తృప్తిగా తలూపింది. పెద్దక్క, "దీనికి ఎంత ముందుచూపే!" అని నా బుగ్గ గిల్లింది. రోము నగరంలో నమాజుకి షాపులు మూస్తారా అని అడగాలన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కళ్ళకీ రాలేదు. ఏళ్ళ తరబడి చూస్తున్నది లోకమంతటా అలాగే ఉంటుందనిపిస్తుంది కాబోలు.

ఇక అసలు యుద్ధం సెలవు దగ్గర. మా నర్సింగ్ సూపర్‌వైజరు ఫిలిప్పీన్స్ మనిషి. పొట్టిగా, గుండ్రంగా, మెడలో చిన్న సిలువతో ఉండేది. ఆవిడా మాలాగే శుక్రవారం తనవాళ్ళతో ప్రార్థన చేసుకునే భక్తురాలు. ముగ్గురినీ ఒకేసారి పంపడమంటే ఆవిడ ప్రాణం మీదికి వచ్చినట్టే. అయినా పెద్దక్క మీద గౌరవంతో ఒప్పుకుని, రోస్టర్ తిరగేసి, "శనివారం బయల్దేరండి, గురువారానికి వచ్చెయ్యండి. అది నాకు సులువు" అంది. వేరే ఎవరైనా అయితే ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుని వచ్చేసేవాళ్ళు. నేనా? శనివారం నుంచి గురువారం అని వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. మధ్యలో శుక్రవారం లేదు!

"మేడం, ఇది కుదరదు" అన్నాను. "ఎందుకు కుదరదు?" "శుక్రవారం లేదు మేడం. ఆవిడ వెళ్ళేదే ఆరాధన కోసం. శుక్రవారం లేకుండా రోము వెళ్ళి ఏం లాభం?" మేడం పెన్ను కింద పెట్టేసింది. నుదుటి మీద చెయ్యేసుకుంది. "ఓ మై గాడ్, కరెక్ట్! ఫ్రైడే లేకుండా వర్షిప్ ఎలా?" అంది. నా మాట ఆవిడ మనసుకి పట్టిందని తెలిసిపోయింది. ఇంక వదుల్తానా? సోమవారం నుంచి శనివారం దాకా ఇమ్మన్నాను. శనివారం రాత్రికి దిగిపోతాం, ఆదివారం పొద్దున షిఫ్టుకి ముగ్గురం హాజరు, అని మాటిచ్చాను. ఆవిడ ఇద్దరిని బతిమాలింది, ఒకామెకి ఈద్ సెలవు ఎర చూపించింది, ఒక షిఫ్టు తనే చేస్తానంది, చివరికి సాధించి ఇచ్చింది. నేను ఆ గదిలోంచి బయటికొచ్చిన నడక మీరు చూసి ఉండాల్సింది. కారిడార్లో పెద్దక్క నిలబడి ఉంది. "శుక్రవారం సంపాదించానక్కా!" అన్నాను. ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుంది. కళ్ళల్లో నీళ్ళు. "నీ ఋణం ఎలా తీర్చుకోనే" అంది. డౌటమ్మ పక్కనే ఉంది. అన్నిటికీ అనుమానపడే ఆ మహాతల్లి ఆ ఒక్కదానికి అనుమానపడలేదు.

వీసా వేలిముద్రల కోసం రియాద్ వెళ్ళాల్సొచ్చింది. మా ఆసుపత్రి వ్యాను డ్రైవరన్న జగిత్యాల వైపు మనిషి, మమ్మల్ని తీసుకెళ్ళాడు. దారంతా నా రోస్టర్ చదివి వినిపిస్తుంటే పాపం ఓపిగ్గా విని, "ఏందక్కా, చుట్టీ దొరికితె ఎవలన్న ఇంటికి పోతరు. మీరు గా కూలిపోయిన గోడలు సూడనీకి పోతున్నరా? మా ఊర్ల గడీ గోడలు గూడ గట్లనే కూలినయ్. ఇంకింత దగ్గర" అన్నాడు. పెద్దక్క నవ్వి, మొక్కు సంగతి చెప్పింది. అతను అద్దంలో పెద్దక్కని ఒకసారి చూశాడు. తర్వాత, "మొక్కంటె పోవాలె మరి. పోయి రాండ్రి. నా పేరు మీద గూడ ఒక దండం పెట్టుండ్రి" అన్నాడు. అక్కడ వీసా కౌంటర్లో కుర్రాడు "ఎందుకు వెళ్తున్నారు?" అని ముక్తసరిగా అడిగాడు. నేను రాత్రి డ్యూటీ నర్సు పగటి డ్యూటీ నర్సుకి పేషెంట్లని అప్పజెప్పే ధోరణిలో మొదలెట్టేశాను. "మొత్తం ముగ్గురం, ముగ్గురం ఆడవాళ్ళం. ఒకరికి కిందటేడు థైరాయిడ్ ఆపరేషన్, ప్రస్తుతం నిలకడగా ఉన్నారు, ఆహారం మామూలే..." అతను కళ్ళు పైకెత్తి, "సిస్టర్, ఇందులో పేషెంటు ఎవరు?" అన్నాడు. అయినా వీసాలు వచ్చేశాయి. చూశారా, ధీమాగా చెబితే ఎవరైనా ఒప్పుకుంటారు!

రోములో మొదటి రోజులు నా రోస్టర్ ప్రకారం గడియారంలా నడిచాయి. ఎర్రటి పాత ఇటుకలు, రాళ్ళు పరిచిన వీధులు, వసంతకాలపు చలి. సౌదీలో ఒంటి నిండా కప్పుకునే అబాయాలు లేకుండా నడుస్తుంటే ముగ్గురికీ ఏదో మర్చిపోయి వచ్చినట్టు మాటిమాటికీ భుజాలు తడుముకోవడమే. కొలోసియం ముందు నిలబడి డౌటమ్మ, "అక్కా, ఇది పడిపోయిందా, సగమే కట్టారా?" అంది. రొట్టె దొరకదేమోనని అది అల్ ఖర్జ్ నుంచి రెండు కట్టల ఖబూస్ మోసుకొచ్చింది. ఇటలీ దేశంలో, వీధికి నాలుగు రొట్టెల కొట్లున్న చోట, మేము గోడ మీద కూచుని సౌదీ ఖబూస్‌లో ఆవకాయ నంజుకు తిన్నాం. ఆ రుచి నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఇక నమాజు వేళకని వదిలిన ఖాళీల్లో, నా ఆజ్ఞ ప్రకారం, మెట్ల మీద కూచుని షాపులు మూసి మళ్ళీ తెరిచేదాకా ఎదురు చూసేవాళ్ళం. అవేమో మూసేవి కావు. "ఇవాళ మూయలేదేంటక్కా?" అని డౌటమ్మ అంటే, "టూరిస్టుల కోసం వదిలేసి ఉంటారులే" అని సర్ది చెప్పాను. నా దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండేది కాదని ముందే చెప్పాను కదా.

శుక్రవారం వచ్చింది. తెల్లవారకముందే పెద్దక్క లేచి తలస్నానం చేసి, సన్నటి నీలం అంచున్న తెల్లచీర కట్టుకుంది. ఆ చీర మొక్కు కోసమే కొన్నది. చలికి పైన స్వెట్టరు వేసుకోమంటే, "ఇవాళ కూడా స్వెట్టరేంటే" అని వద్దంది. అద్దం ముందు నిలబడి రెండుసార్లు చిన్నగా రాగం తీసి చూసుకుంది, గొంతు ఉందో లేదోనన్నట్టు. ఆ మొహంలో పెళ్ళికూతురి భయం కనపడింది నాకు. ముగ్గురం తెల్లచీరల్లో వీధిలోకి దిగాం. సౌదీలో శుక్రవారం పొద్దునంటే వీధుల్లో పిల్లి కూడా తిరగదు, కొట్లన్నీ మూసే ఉంటాయి. ఇక్కడ చూస్తే కొట్లన్నీ తెరిచి ఉన్నాయి, బస్సులు కిక్కిరిసిపోతున్నాయి, కోట్లు వేసుకున్న మనుషులు కాఫీ నిలబడి గటగటా తాగేసి పరుగులు పెడుతున్నారు. "చూశారా అక్కా, ఆరాధన రోజని ఎంత హడావిడో! ఎంత భక్తో!" అన్నాను. వీపుకి సంచులు తగిలించుకుని పిల్లలు గుంపుగా పోతున్నారు. "అదిగో, సండే స్కూలు పిల్లలు" అన్నాను. పెద్దక్క ఆ పిల్లల్ని మురిసిపోయి చూసింది. మా వెనకాల నడుస్తున్న డౌటమ్మ మాత్రం ఆ సంచుల వైపు తిరిగి తిరిగి చూస్తోంది.

మా హోటలు వీధి చివర ఒక పెద్ద పాత గుడి ఉంది. ముగ్గురివీ మూడు సంఘాలే అయినా, రోములో ఏ గుడైనా గుడే అని ముందే తీర్మానించుకున్నాం. లోపల చల్లగా, విశాలంగా ఉంది. కప్పు చూస్తే తల తిరిగిపోతుంది. ముందు వరసలో కూచున్నాం, చోటు దొరకదేమోనని త్వరగా వచ్చాం మరి. ఒకతను నిచ్చెన ఎక్కి బల్బు మారుస్తున్నాడు. ఆరాధనకి దీపాలు సరి చేస్తున్నాడని చెప్పాను. ఒకామె నేల తుడుస్తోంది. ఆరాధనకి శుభ్రం చేస్తోందని చెప్పాను. కెమెరాలు మెళ్ళో వేసుకున్న నలుగురు తలెత్తి కప్పు చూస్తూ తిరుగుతున్నారు. వాళ్ళ గురించి ఏం చెప్పాలో తోచక, "విశ్వాసులే అయ్యుంటారు" అన్నాను. సమయం గడుస్తోంది. పెద్దక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని, వాకిలి వైపు తిరిగి తిరిగి చూస్తోంది, జనం ఎప్పుడొస్తారా అని. ఒక్కళ్ళూ రావడం లేదు. "ఇటలీ వాళ్ళు ఆలస్యం మనుషులక్కా" అన్నాను. ఈసారి నా గొంతు నాకే కాస్త పల్చగా వినిపించింది.

అప్పుడు డౌటమ్మ నా కొంగు లాగి, చెవిలో, "అక్కా, ఇవాళ ఏం వారం?" అంది. "శుక్రవారమే కదే." "ఇక్కడ కూడా శుక్రవారమే సెలవా?"

నోరు తెరిచాను, జవాబు రాలేదు. కొట్లు, బస్సులు, కోట్లు, సంచుల పిల్లలు, బల్బు మనిషి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. సరిగ్గా అప్పుడే పక్క తలుపులోంచి నలుగురు కన్యాస్త్రీలు వచ్చారు. రంగూ రూపూ చూడగానే తెలిసిపోయింది మలయాళీలని. అందులో పెద్దావిడ మా చీరలు చూసి మొహం వికసించి, ఇంగ్లీషులో ఎక్కడినుంచని అడిగింది. "సౌదీ. ఆరాధన ఎప్పుడు మొదలవుతుందండీ?" అని పెద్దక్కే అడిగింది, పాపం, ఇంకా ఏమీ తెలియక. ఆవిడ, "ఆదివారం రండి, గుడి నిండిపోతుంది. ఎంత బాగుంటుందో" అంది. పెద్దక్క అర్థం కానట్టు చూసింది. మళ్ళీ ఆ సిస్టరే, "సౌదీ అన్నారా? అయ్యో!" అని నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా చెల్లెలు దమ్మాంలో నర్సు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి 'ఆరాధన అయిందా చేచ్చీ' అంటుంది. నేనేమో ఇక్కడ బట్టలుతుక్కుంటూ ఉంటాను."

పెద్దక్కకి అప్పుడు తెలిసింది. ఏడవలేదు, కోప్పడలేదు. "ఆదివారం..." అంటూ ఒళ్ళోని నీలం అంచుని సవరించుకుంది. అది నేను చూడలేకపోయాను. పరుగెత్తుకుంటూ గుడి మెట్ల మీదికొచ్చి మేడంకి ఫోన్ చేశాను. "మేడం, ఒక్క రోజు, ఒక్క ఆదివారం ఇప్పించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను." సంగతంతా చెప్పాను. "జీసస్! నేను కూడా ఫ్రైడే అన్నాను కదా!" అని ఆవిడ మూలిగింది. పాపం చాలా ప్రయత్నించింది, కానీ ఆదివారం పొద్దున షిఫ్టులో మేం ముగ్గురం తప్ప మనుషులు లేరు. వార్డు నిండా పేషెంట్లు. కుదర్లేదు. చేతిలో పడ్డ ఆదివారాన్ని పోట్లాడి మరీ వెనక్కిచ్చి, శుక్రవారం కొనుక్కొచ్చిన దాన్ని నేను. అంత కష్టపడి ఇంత పని చెయ్యడం మామూలు మనుషుల వల్ల కాదు. తిరిగి లోపలికి వెళ్ళి పెద్దక్క పక్కన నేల మీదే కూలబడి, ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చేశాను. "నన్ను క్షమించక్కా. నీ మొక్కు పాడు చేశాను."

పెద్దక్క నా జుట్టు సవరించింది. "లేవే, చీర మురికవుతుంది" అంది ముందు. తర్వాత మెల్లగా, "ఇన్నేళ్ళూ ఆయన నా పాట శుక్రవారమే కదే విన్నాడు. ఇవాళ మాత్రం చెవులు మూసుకుంటాడా?" అంది. లేచి నిలబడింది. సిస్టర్ల వైపు తిరిగి, వచ్చీరాని ఇంగ్లీషులో, ఒక్క పాట పాడొచ్చా అని అడిగింది. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, వచ్చి మా వెనక వరసలో కూచున్నారు.

మా వైపు కోతల పండగకి పాడే పాట అందుకుంది. అందుకున్నదే గుసగుసగా, ఫ్లాటులో పాడే గొంతుతో. సిస్టర్లు ముందుకి వంగారు వినపడక. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "అక్కా, గట్టిగా. ఇక్కడ పక్క ఫ్లాటు లేదు" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండో చరణంలో గొంతు లేచింది. ఆపరేషన్ అయిన చోట ఒకసారి జీరపోయింది. ఆవిడ ఆగలేదు, ఆ జీర మీదుగానే పైకి వెళ్ళింది. ఆ రాతి గోడలు ఆ పాటని తీసుకుని తిప్పి తిప్పి ఇస్తుంటే, ఆ గొంతు ఇంత పెద్దదా, ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకుందో అని నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. భాష రాని సిస్టర్లు రాగం పట్టుకుని కలిశారు. నిచ్చెన మీద అతను బల్బు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేల తుడిచే ఆమె కర్ర గోడకి ఆనించి చివర వరసలో కూచుంది. కెమెరాల వాళ్ళు నలుగురూ కప్పు చూడ్డం మాని, నా మాట నిజం చెయ్యడానికన్నట్టు, వచ్చి కూచున్నారు. పాట అయ్యాక పెద్దక్క కళ్ళు తుడుచుకుని, డ్రైవరన్న పేరు మీద కూడా ఒక దండం పెట్టి, "పదండే, ఆకలేస్తోంది" అంది. బయట డౌటమ్మ, "అక్కా, ఇప్పుడు మొక్కు తీరినట్టేనా?" అని అడిగింది. ఆ ఒక్కసారి పెద్దక్క దాని నెత్తిన ఒకటి మొట్టింది.

పెద్దక్క ఇప్పుడు తన ఊళ్ళో ఉంది. ఆదివారం ఆదివారం నిండు గుడిలో పాడుతోంది, "మైకు కూడా నా ముందే పెడతారే" అని ఫోన్లో సంబరంగా చెబుతుంది. డౌటమ్మకి పెళ్ళయి రియాద్‌లో ఉంది. అది అంత అనుమానంతో పెళ్ళికి ఎలా ఒప్పుకుందో నాకైతే ఇప్పటికీ తెలీదు. నేను ఇక్కడే ఉన్నాను, అదే వార్డుకి ఇన్‌ఛార్జిని. తర్వాత ఇంకొన్ని దేశాలు తిరిగాను. ఎక్కడికి బయల్దేరినా ముందు ఆ దేశంలో సెలవులేవో చూసి, తెలిసిన ఇద్దరిని అడిగి, అడిగింది మళ్ళీ సరిచూసుకుని వెళ్ళాను. ఒక్క పొరపాటు జరగలేదు. ఫోటోలు తిరగేస్తే తప్ప ఆ ఊళ్ళలో ఏం చేశామో కూడా గుర్తు రాదు. రోము అనగానే మాత్రం తెల్లచీర కట్టుకుని, బడికి పోయే పిల్లల్ని సండే స్కూలు పిల్లలని చూపిస్తూ, వీధి తనదే అన్నట్టు నడిచిపోతున్న ఆ ఇరవై ఏడేళ్ళ పిల్ల కళ్ళ ముందుకొచ్చేస్తుంది. ఎంత ధీమా తల్లీ నీకు అని నవ్వుకుంటాను. కానీ అది ఇప్పుడు నా ఎదుటికొచ్చి నిలబడితే కూచోబెట్టి తప్పులు దిద్దాలని లేదు నాకు. ఈసారి ప్రయాణం ఏర్పాట్లు కూడా నువ్వే చూడవే అని అడుగుతాను.